ఏకగ్రీవం

సాయంత్రం పని నుంచి వచ్చి చెప్పులు విడిచీ విడవకముందే ఆమె చేసే మొదటి పని మధ్యాహ్నం భోజనం డబ్బాలు తోమడం. ఎవరివి వాళ్ళు తెచ్చి సింకులో పడేసి పోతారు. కాసిని నీళ్ళు పోసి నానబెట్టాలన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ పుట్టలేదు, పుట్టే సూచనలూ లేవు. గడియారాలు బాగుచేసే మామగారిది వెడల్పాటి స్టీలు డబ్బా. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే మరిదిది మూత బిగుసుకుపోయి ప్రాణం తీసే ప్లాస్టిక్ డబ్బా. మొగుడిది మూడు గిన్నెల క్యారియరు, ఎందుకంటే ఆయన ఆఫీసులో ఆఫీసరు, అన్నానికి కూర ముందే తగలకూడదు. కూతురిది పిల్లిబొమ్మ సగం చెరిగిపోయిన చిన్న డబ్బా.

ఆ రోజు మూతలు తీస్తుంటే ఆమె చెయ్యి ఆగింది. మామగారి డబ్బా అడుగున వేలితో ఊడ్చుకు తిన్న చారలున్నాయి. మరిది డబ్బాలో మెతుకు లేదు. మొగుడి కూరగిన్నె తోమకపోయినా చెల్లిపోయేలా ఉంది. ఇంట్లో ఉండే అత్తగారి కోసం విడిగా తీసి మూతపెట్టి వెళ్ళిన గిన్నె కేసి చూసింది. అదీ ఖాళీయే. పొద్దున్నే లేచి పెద్ద గిన్నెడు వంకాయ కూర వండి, సగం డబ్బాలకు సర్ది, సగం రాత్రికి ఉంచింది తనే. ఆ మిగిలిన సగాన్ని ఇప్పుడు వెచ్చబెట్టి బల్ల మీద పెడితే ఏం జరుగుతుందో కూడా తనకు తెలుసు.

అదే జరిగింది. ఆ ఇంట్లో భోజనానికి ఒక పద్ధతుంది. అందరూ కలిసే కూర్చుంటారు. కలిసి తినే కుటుంబం కలిసి ఉంటుందని అత్తగారు ఇంటికి ఎవరొచ్చినా చెబుతుంది. వడ్డించే మనిషి నిలబడే ఉంటుందన్న సంగతి మాత్రం చెప్పదు. ఎవరూ ముందు ముద్ద ఎత్తరు. అత్తగారు వేలి కొసతో కూర తీసి నాలుక మీద రాసుకుని, కళ్ళు మూసుకుని, ముక్కుతో చిన్నగా గాలి వదులుతుంది. ఆ గాలి కోసం అందరూ కాచుకుని ఉంటారు.

“ఊఁ,” అంది అత్తగారు. “మెస్సే.”

మామగారు పళ్ళేన్ని అంగుళం ముందుకు నెట్టారు. “ఉప్పు ఎక్కువైనట్టుంది,” అన్నారు, ఇంకా నోట్లో పెట్టుకోకుండానే.

“ఉప్పు కాదు నాన్నా. వందమందికి వండే చెయ్యి కదా. మన ఆరుగురికి వండమంటే పాపం దానికి కొలత అందదు,” అన్నాడు మరిది.

మొగుడు నవ్వాడు. పెద్దగా కాదు. నవ్వానని తల్లికి తెలిసేంత, నవ్వలేదని పెళ్ళాంతో తర్వాత వాదించగలిగేంత. ఆ కొలత మాత్రం ఆయనకు బాగా అందుతుంది.

మెస్సు అన్నది ఆ ఇంట్లో ఆమెకు పెట్టిన పేరు. ఆమె తల్లి ఒక కాలేజీ హాస్టల్లో వంటమనిషి. పొడుగాటి వంటగది, మనిషి దిగి నిలబడగలిగినంత గిన్నెలు, పొద్దస్తమానం పొగ. ఆమె బడి నుంచి నేరుగా అక్కడికే వెళ్ళి, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని ఉల్లిపాయలు తరిగేది. మొగుడు ఆ హాస్టల్లోనే ఉండి చదువుకున్నాడు. అందరూ తిని లేచిపోయాక, ఎవరూ చూడకుండా పళ్ళెం పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేవాడు. “అమ్మా, ఇంకాస్త కూర ఉందా,” అనేవాడు. అమ్మా అనే పిలిచేవాడు. ఆమె తల్లి తన వాటాకు తీసి పెట్టుకున్నది కూడా ఊడ్చి వేసేది. కాలేజీలో చేరినప్పుడు ఎముకల గూడులా ఉన్నవాడు బయటికి వెళ్ళేటప్పటికి బుగ్గలొచ్చి మనిషయ్యాడు. ఆ గుమ్మం దగ్గరే ఆమెతో మాటలు కలిశాయి, ఆ గుమ్మం దగ్గరే పెళ్ళి మాటా అనుకున్నారు. అమ్మ చేతి కూడు ఇంత ఇష్టంగా తిన్నవాడు తనను తక్కువ చేసి చూడడని ఆమె నమ్మింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళుంటారని విన్నది గానీ, వాళ్ళు అంత ముద్దుగా ఇంకాస్త కూర అడుగుతారని ఎవరూ చెప్పలేదు.

కాపురానికి వచ్చిన మర్నాడు మొదటిసారి వండింది. గిన్నె ఇంకా పొయ్యి మీదే ఉంది. అత్తగారు వంటింట్లోకి తొంగి చూసి, “హాస్టలు వాసనొస్తోంది,” అంది. తీర్పు అప్పుడే అయిపోయింది. తినడం తర్వాత.

ఆమె తల్లి ఆ ఇంటికి ఒకేసారి వచ్చింది. కూతురికీ అల్లుడికీ ఇష్టమని బంగాళాదుంపల కూర వండి, గిన్నెకు గుడ్డకట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. అత్తగారు ఆ ముడి విప్పలేదు. మెట్లు కడిగే మనిషి అప్పుడే వస్తే, నవ్వుతూ ఆ మనిషి చేతిలో పెట్టేసింది. “హాస్టలు కూర మా మగవాళ్ళకు పడదమ్మా, ఏమనుకోకండి,” అంది. మొగుడు అక్కడే ఉన్నాడు. గోడ మీద ఏదో మరక ఉంటే దాన్ని చూస్తూ నిలబడ్డాడు. తిరిగి వెళ్ళేటప్పుడు బస్టాపులో తల్లి, “పోనీలేవే, ఎవరి కడుపులోకో వెళ్ళింది కదా,” అంది. ఆ ఏడాదే పోయింది. అప్పటి నుంచి మెస్సు అన్న మాట వినబడినప్పుడల్లా ఆమెకు తనను కాదు, ఖాళీ చేతులతో బస్సెక్కిన తల్లిని అన్నట్టు ఉంటుంది.

అయినా ఆ మాట పడింది. ఏళ్ళ తరబడి పడింది. అందరూ ఒకే మాట అంటున్నప్పుడు, ఆ అందరిలో చదువుకున్నవాళ్ళూ పెద్దవాళ్ళూ కట్టుకున్నవాడూ ఉన్నప్పుడు, తనలోనే ఏదో లోపం ఉందేమో అనిపించడం మొదలవుతుంది. ఉప్పు తగ్గించి చూసింది, నూనె పెంచి చూసింది. అత్తగారి చెల్లెలిని అడిగి ఆవిడ పద్ధతిలో వండి చూసింది. ఏం చేసినా ఆ ముక్కులోంచి అదే గాలి.

ఇంతకీ ఆమె చేసే ఉద్యోగమేమిటో చెబితే నవ్వొస్తుంది. బిస్కెట్ల కంపెనీలో టేస్టింగ్ రూముకు ఆమె ఇన్‌చార్జి. కొత్త బిస్కెట్ బజారుకు వెళ్ళేముందు ఆరుగురు మనుషులు దాన్ని తిని చెప్పాలి. ఒక్కొక్కరికీ ఒక్కో చిన్న అర, మధ్య చెక్క తడికలు, లోపల ఎర్ర బల్బు. రంగు చూసి మోసపోకూడదని ఆ బల్బు, పక్కవాడిని చూసి మోసపోకూడదని ఆ తడిక. కొత్తగా చేరినవాళ్ళకు ఆమె చెప్పే మొదటి మాట, “మొహం పెట్టకండి. మీ మొహం పక్కవాళ్ళ నాలుకను పాడుచేస్తుంది.” ఇన్నేళ్ళు రోజూ ఈ మాట చెబుతూ, సాయంత్రం ఇంటికెళ్ళి అత్తగారి మొహం కేసి చూస్తూ నిలబడేది. ఇంట్లో దీపం ఇల్లంతా వెలిగిస్తుంది గానీ తన కిందకి చూసుకోదు. ఆఫీసులోనూ పెద్ద మర్యాదేం లేదు. గదికి పెద్ద తనే అయినా, మీటింగు పెట్టినప్పుడల్లా మేనేజరు తలెత్తకుండానే, “మేడమ్, టీ సంగతి కాస్త చూడండి,” అంటాడు. ఆ మీటింగులో ఉండే ఆడమనిషి ఆమె ఒక్కతే మరి.

డబ్బాలు చూసి ఆగిపోయిన ఆ వారమే టేస్టింగ్ రూముకు రంగులు వేశారు. అరలు తీసేశారు. అందరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టమన్నాడు మేనేజరు. ఆమె వద్దంది. “ఒక్కరోజుకు ఏం మునిగిపోదు మేడమ్,” అన్నాడు. పోనీ చిన్నవాళ్ళను ముందు చెప్పనివ్వండి, పెద్దవాళ్ళు చివర చెబుతారు, అలాగైతే ఒకరి ప్రభావం ఒకరి మీద కాస్త తగ్గుతుంది అంది. “అంత పెద్దాయన ఉండగా నిన్నగాక మొన్న చేరిన పిల్లతో మొదలుపెడతారా,” అని నవ్వాడు.

పెద్దాయనంటే మీసాలాయన. అందరికన్నా ముందు చేరినవాడు. బిస్కెట్ కొరికి మీసం సవరించుకుని, “మట్టివాసన,” అన్నాడు. పక్కనున్నతను నమిలి, అవునండీ ఏదో గోనెసంచి వాసన కూడా అన్నాడు. మూడో మనిషి నాలుక మీద ఇసుక తగిలిందన్నాడు. వరస చివరున్న కొత్తమ్మాయి మాత్రం అప్పటికే ఒకటి తినేసి రెండోదానికి చెయ్యి చాపింది. అందరి మాటలూ విని ఆ చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది. “అవును సార్, మట్టే,” అంది.

అది అంతకుముందు వారం, అరల్లో కూర్చుని, ఆ ఆరుగురూ బాగుందన్న బిస్కెట్. అదే డబ్బాలోది. ఆ మాట ఆమె చెప్పింది. మీసాలాయన మొహం గంటు పెట్టుకుని, “అయితే శాంపిల్ మీరే తారుమారు చేసుంటారు,” అన్నాడు. మిగతా ఐదుగురూ ఆమె వైపు తిరిగి, చూసుకోవాల్సింది మేడమ్ అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడు ఊరికొకడుంటాడు, అది వింత కాదు. నాలుగో కాలు పట్టుకుని కూర్చున్నవాళ్ళు కూడా అవును మూడే అనడం చూసి ఆమెకు ఒళ్ళు జలదరించింది.

ఆ సాయంత్రం బస్సులో నిలబడి ఇంటికి వస్తూ ఆమె డబ్బాల గురించి ఆలోచించింది. ఒంటరిగా కూర్చున్నప్పుడు మామగారు వేలితో ఊడ్చుకు తింటారు. మరిది మెతుకు మిగల్చడు. అత్తగారు ఇల్లంతా ఖాళీగా ఉన్నప్పుడు గిన్నె నాకుతుంది. ఆ కూర నచ్చింది తనొక్కరికేననీ, మిగతా అందరికీ నిజంగానే అసహ్యమనీ వాళ్ళలో ప్రతి ఒక్కరూ అనుకుంటున్నారు. వంటమనిషి కూతురి కూర నచ్చడం కూడా ఒక నామోషీ. దొంగ తిండిలా దాచుకు తినాలి. రాత్రి బల్ల దగ్గర చేరితే ఆ నామోషీ బయటపడకుండా ఒకరిని మించి ఒకరు మూతి విరవాలి. అంటే ఇన్నేళ్ళూ తన చేతిలో లోపం లేదు. ఆ సంగతి తెలిస్తే సంతోషం కలగాలి. ఆమెకు కలగలేదు. ఇన్నేళ్ళు ఉత్తపుణ్యానికి ఏడిపించారని కడుపు మండింది.

ఒకసారి రూఢి చేసుకుందామని, ఎదురింటి లెక్చరరు గారి భార్య ఎప్పుడో ఏదో పంపి తిరిగి తీసుకోని గాజుగిన్నె ఒకటి ఉంటే, తను వండిన బీన్స్ కూర అందులో వేసి బల్ల మీద పెట్టింది. ఎదురింటి నుంచి వచ్చిందంది. అత్తగారు నాలుక మీద రాసుకుని, కళ్ళు మూసుకుని, తెరిచి, “చూశావా, చెయ్యంటే ఇది. వంశంలో రావాలి,” అంది. మామగారు రెండోసారి వేయించుకున్నారు. మరిది గిన్నె ఊడ్చాడు. మొగుడు, “నేర్చుకోవచ్చుగా,” అన్నాడు పెళ్ళాంతో.

నిజం చెప్పెయ్యాలని నాలుక దురద పెట్టింది. కానీ మీసాలాయన గుర్తొచ్చాడు. రుజువు చూపిస్తే సిగ్గుపడతారనుకోవడం సిగ్గున్నవాళ్ళు చేసే పొరపాటు. మోసం చేశావంటారు. వంటతో పాటు బుద్ధి కూడా మెస్సేనంటారు. అందరూ ఒక్కటై ఇంకా దగ్గరగా జరిగి కూర్చుంటారు. ఆమె గాజుగిన్నె కడిగి బోర్లించి ఊరుకుంది.

ఊరుకునేదే, కూతురు ఆ పని చేయకపోతే. కూతురికి పన్నెండేళ్ళు. మర్నాడు రాత్రి భోజనాల దగ్గర, అత్తగారి కన్నా ముందే ఆ పిల్ల వేలి కొసతో కూర తీసి నాలుక మీద రాసుకుని, కళ్ళు మూసుకుని, ముక్కుతో గాలి వదిలింది. “ఊఁ, మెస్సే,” అంది. బల్లంతా నవ్వులతో అదిరిపోయింది. అత్తగారు మనవరాలిని దగ్గరకు లాక్కుని, “నా బంగారు తల్లి. అచ్చం నా ముక్కే వచ్చింది దీనికి,” అని ముద్దుపెట్టుకుంది. పిల్ల మొహం వెలిగిపోయింది. ఆ వెలుగులోనే ఒక్కసారి తల్లి వైపు చూసి, వెంటనే పళ్ళెంలోకి చూపు దించుకుంది.

అంతవరకూ ఆమెకు ఏడుపు వచ్చేది. ఆ రాత్రి రాలేదు. తల్లిని అన్నారు, పడింది. తనను అన్నారు, పడింది. ఇప్పుడు తన కడుపున పుట్టినదాన్ని లాక్కుని ఆ బల్ల దగ్గర కుర్చీ వేశారు. ఇది కోపం కాదు, పగ, అనుకుంది. ఆ మాట తనకు తాను స్పష్టంగా చెప్పుకుంటే చాలాకాలం తర్వాత నడుము నిటారుగా నిలబడినట్టు అనిపించింది.

సమయం కూడా వాళ్ళే తెచ్చిపెట్టారు. మరిదికి సంబంధం కుదిరేలా ఉంది. వచ్చే ఆదివారం అమ్మాయి తరపువాళ్ళు భోజనానికి వస్తున్నారు.

“భోజనం బయటి నుంచి తెప్పిద్దాం,” అంది అత్తగారు రాత్రి బల్ల దగ్గర. “మెస్సు వంట పెట్టామంటే వీడికి ఈ జన్మలో పెళ్ళి కాదు.”

అందరూ నవ్వారు. నిలబడి వడ్డిస్తున్న ఆమె గరిటె గిన్నెలో పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. వడ్డన మధ్యలో ఆమె కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. నవ్వులు వాటంతటవే ఆగిపోయాయి.

“ఒక్క ఆదివారం సంగతే ఎందుకు అత్తయ్యా,” అంది. “ఇన్నేళ్ళుగా అందరూ ఓర్చుకుంటున్నారు. మీ అందరినీ ఇలా బాధపెట్టడం నాకూ బాగా లేదు. ఇవాళ తేల్చేద్దాం. నా వంట తినడానికి పనికొస్తుందో లేదో ఒక్కొక్కరూ చెప్పండి. పనికిరాదంటే ఇక వండను.”

“అలకా?” అంది అత్తగారు.

“అలక కాదు. అడుగుతున్నాను. పెద్దవారు, మీరే మొదలుపెట్టండి.”

ఏ నియమం పాటిస్తే మనుషుల నోటి వెంట నిజం వస్తుందో ఆమెకు బాగా తెలుసు. అందుకే దాన్ని తలకిందులు చేసింది. గట్టిగా కూసే నోరు ముందు, గొంతు లేని నోరు చివర.

అత్తగారికి అనుమానం రాలేదు. అడిగి మరీ పీట వేస్తే ఎవరు కాదంటారు. “నేను కొత్తగా చెప్పేదేముంది. నోట్లో పెట్టుకోలేం. కడుపు నింపుకోవాలి కాబట్టి మింగుతున్నాం,” అంది.

“మామయ్యగారూ?”

మామగారు భార్య వైపు చూశారు, కూర గిన్నె వైపు చూశారు. గడియారంలోంచి చిన్న మర కింద పడిపోయినట్టు కాసేపు వెతుక్కున్నారు. “మీ అత్తయ్య నాలుక తప్పు చెప్పదమ్మా.”

“మీ నాలుక ఏమంటుంది?”

“అదే అంటుంది.”

మరిదికి ఇదంతా సరదాగా ఉంది. “నా ఓటూ అటే వదినా. నువ్వు బాధపడకు. రేపు నా పెళ్ళాం వస్తే నీకూ మంచి కూడు దొరుకుతుంది,” అన్నాడు. ఇంకా రాని ఆ పిల్ల మీద ఆమెకు జాలేసింది.

మొగుడి వంతు వచ్చింది. ఇంతకుముందు ఎవరినీ చూడనట్టు ఆమె ఆయన కళ్ళలోకి చూసింది. నాకిష్టం అన్న ఒక్క మాట అంటే చాలు. కనీసం తెలియదన్నా చాలు. ఆ పొగ పట్టిన వంటింటి గుమ్మాన్ని తలుచుకుని అంతా మర్చిపోవడానికి ఆమె అప్పటికీ సిద్ధంగానే ఉంది. పగ పట్టిన మనిషి కూడా కట్టుకున్నవాడికి ఒక కిటికీ తెరిచి పెడుతుంది, అదే ఆడపుట్టుకలో ఉన్న తెలివితక్కువతనం.

ఆయన తల్లి మొహం చూశాడు. తండ్రి మొహం చూశాడు. “అందరికీ తెలిసిందే కదా. ఏదో సర్దుకుపోతున్నాం,” అన్నాడు.

“మీకు మొదటి నుంచీ అంతేనా?”

ఆ ప్రశ్నకు అర్థం ఆ బల్ల దగ్గర వాళ్ళిద్దరికే తెలుసు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అందరూ చూస్తున్నారు.

“మొదటి నుంచీ అంతే,” అన్నాడు.

ఆ కిటికీ ఆమె మూసేసింది. తన వంటనైతే అన్నాడనుకోవచ్చు. ఆయన ఆకలితో గుమ్మంలో నిలబడితే తన వాటా ఊడ్చి పెట్టిన అమ్మను, పోయిన మనిషిని అన్నాడు.

ఇక కూతురు మిగిలింది. అప్పుడు గాని ఆమెకు తను చేసిన పని తెలిసిరాలేదు. నలుగురు పెద్దవాళ్ళు వరసగా ఒకే మాట అన్నాక, ఆ చివరి కుర్చీలో పన్నెండేళ్ళ పిల్లను కూర్చోబెట్టింది. కొత్తమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకున్నట్టే ఇదీ తీసుకుంటుంది. తీసుకుంటే లెక్క సరిపోతుంది, అందరూ ఏకగ్రీవంగా వద్దన్నారని తను ఎల్లకాలం చెప్పుకోవచ్చు. తన పగకు కావలసింది అదే. కానీ ఆ మాట ఈ పిల్ల నోటి వెంట వింటే ఆ గెలుపును ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు. అడగడం మానేద్దామా అనుకుంది. అప్పటికే అందరూ పిల్ల వైపు తిరిగారు.

“చెప్పవే బంగారం,” అంది అత్తగారు, తన ముక్కును చూపుడు వేలితో తడుతూ.

పిల్ల నానమ్మను చూసింది. తండ్రిని చూసింది. పళ్ళెంలో మెతుకులను ఒక పక్కకు నెట్టింది, మళ్ళీ ఇవతలికి నెట్టింది.

“నా డబ్బా నేను తినను,” అంది.

అత్తగారు విజయంగా నవ్వింది.

“మా క్లాసువాళ్ళు లాగేసుకుంటారు,” అంది పిల్ల, తల ఎత్తకుండా. “నాకు ఒక్క ముద్దే మిగులుతుంది. అందుకే అమ్మను రోజూ ఎక్కువ పెట్టమంటాను. నాకు బాగుంటుంది. ఎప్పుడూ బాగుంటుంది.” తల్లి వైపు తిరిగింది. “మొన్న మెస్సన్నాను కదా అమ్మా. అందరూ నవ్వుతారని అన్నాను.”

 ఆ తర్వాత జరిగింది ఆమెకు ఉద్యోగం నేర్పిన సంగతే. ఒక్క గొంతు విడిగా వినబడితే చాలు, మిగతా గొంతులకు ధైర్యం వస్తుంది.

“అంటే వదినా, మరీ బాగోదని కాదు. నేనేదో సరదాకి,” అన్నాడు మరిది.

“నిజానికి ఆ మధ్యాహ్నం కూర...” అని మామగారు మొదలుపెట్టి, భార్య మొహం చూసి దగ్గారు. తేలు కుట్టిన దొంగలా మొగుడు మాత్రం కదలకుండా కూర్చున్నాడు.

డబ్బాల సంగతి ఆమె నోటిదాకా వచ్చింది. మింగేసింది. ఇప్పుడు ఆ మాట ఎత్తితే అందరూ హాయిగా ఒప్పుకుని, నవ్వేసి, రేపు పొద్దున్న మళ్ళీ డబ్బాలు చాపుతారు. అంత చవకగా వదలదలుచుకోలేదు.

“వద్దు మామయ్యగారూ,” అంది. “పెద్దవాళ్ళు ఒకసారి అన్నాక మాట మార్చకూడదు. నలుగురూ పనికిరాదన్నారు, నేను ఒప్పుకుంటున్నాను. రేపటి నుంచి ఇద్దరికే వండుతాను. నాకూ దీనికీ.”

“మరి ఇంతమందికి వంటెవరు చేస్తారు?” అంది అత్తగారు.

“నోట్లో పెట్టుకోగలిగేలా వండేవాళ్ళు,” అంది ఆమె. లేచి తన పళ్ళెం తెచ్చుకుని, కూతురి పక్కన కుర్చీలో కూర్చుని, కూర వడ్డించుకుని తినడం మొదలుపెట్టింది.

రెండు రోజులు బయటి నుంచి తెప్పించుకున్నారు. మూడో రోజుకు అందరికీ కడుపులో గడబిడ. అత్తగారికి రోషం వచ్చి తనే గరిటె పట్టింది. ఆవిడ వండిన కూర బల్ల మీదకు వచ్చాక అలవాటు కొద్దీ అందరూ ముద్ద ఎత్తకుండా ఆవిడ ముక్కు కేసి చూస్తూ కూర్చున్నారు. తన కూరకు తనే ఏమని గాలి వదులుతుంది? కాసేపు చూసి, అదే అలవాటు కొద్దీ, మామగారు పళ్ళేన్ని అంగుళం ముందుకు నెట్టారు. “ఉప్పు వేశావా,” అన్నారు. మరిది ముసిముసిగా నవ్వాడు. మొగుడూ నవ్వాడు, పెద్దగా కాదు. ఆ ఇంట్లో ఆ నవ్వు ఆమె మీద కాక వేరొకరి మీద వాలడం అదే మొదలు. అత్తగారు ముక్కు చీదుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకు జాలి కలగలేదు. కలిగితీరాలని ఎవరికైనా అనిపిస్తే, వాళ్ళే వెళ్ళి ఆ నలుగురికీ వండిపెట్టవచ్చు.

ఆదివారం వచ్చింది. అమ్మాయి తరపువాళ్ళు మధ్యాహ్నానికి వస్తారు. బయటి భోజనం ఇంకా రాలేదు. ముందు గదిలో అత్తగారూ మామగారూ మరిదీ ఎవరేం మాట్లాడాలో, ఎవరు ఎక్కడ కూర్చోవాలో అనుకుంటున్నారు. వంటింట్లో ఆమె అన్నిటికన్నా చిన్న గిన్నె పొయ్యి మీద పెట్టి బంగాళాదుంపల కూర వండుతోంది. అమ్మ వండినట్టే, చివర్లో నిప్పు తగ్గించి, అడుగు కాస్త ఎర్రబడేదాకా. పెళ్ళయ్యాక ఆ కూర వండడం అదే మొదటిసారి. పక్కనే కూర్చుని కూతురు రెండు పళ్ళేలు తుడుస్తోంది.

గుమ్మం దగ్గర అలికిడైంది. మొగుడు. చేతిలో ఖాళీ పళ్ళెం ఉంది. హాస్టలు వంటింటి గుమ్మంలో నిలబడినట్టే, ఒక భుజం తలుపుకు ఆనించి, ఒక కాలు లోపల పెట్టి, ఒక కాలు బయట ఉంచి నిలబడ్డాడు.

“అదే కదా ఆ కూర,” అన్నాడు చాలా మెల్లగా. “వాసన వీధి దాకా వస్తోంది. నాకు తెలియదా ఏమిటి, మీ అమ్మ చేతి కూరంటే నాకు ప్రాణం. నీ వంటన్నా అంతే. కాస్త పెట్టు.”

“ఎందుకలా గుసగుసలాడుతున్నారు?”

ఆయన వెనక్కి తిరిగి ముందు గది వైపు చూశాడు. “అమ్మ వింటుంది.”

“ఇదే మాట అక్కడికెళ్ళి అనండి. ఇక్కడి నుంచి నాకు వినబడేలా అంటే చాలు.”

ఆయన నిలబడే ఉన్నాడు. ముందు గదిలో అత్తగారు ఏదో అంది, అందరూ నవ్వారు. ఆ నవ్వు వినగానే ఆయన పెదాల మీద కూడా, ఎందుకో తెలియకుండానే, చిన్న నవ్వు వచ్చింది. తర్వాత పళ్ళేన్ని ఇంకాస్త ముందుకు చాపాడు.

అమ్మయితే పెట్టేది. ఆమె గిన్నె మీద మూత పెట్టింది.